ఆయమ్మకు అరవై నిండితే: పుట్టిన తేదీ ఒక్కటే చూద్దామా?



మన క్యాంపస్‌లో ప్రీ ప్రైమరీ పిల్లలను చూసుకునే ఆయమ్మకు రికార్డుల ప్రకారం 60 ఏళ్లు నిండాయి. ఈ విద్యా సంవత్సరం చివరి పనిదినంతో ఆమె పని కూడా ముగుస్తుందని ఆఫీసు వాళ్లు చెప్పారు. అన్ని బ్రాంచీలకూ ఒకే రూల్ అట. అప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు వినిపిస్తున్నాయి. "ఆమె లేకుండా మా పాప బస్సు దిగదు, ఎట్లైనా ఉంచండి" అని కొందరు. "రూల్ అంటే రూల్, పెద్ద వయసులో పిల్లల బాధ్యత ఎందుకు" అని ఇంకొందరు.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ రెండూ అసలు ప్రశ్న దాకా పోవడం లేదు. నేను జిల్లా కేంద్రంలో చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుకుంటున్నాను. పీఎఫ్ కాగితాలు, పుట్టిన తేదీల తిప్పలు నాకు రోజూ ఎదురయ్యేవే. ఆ అనుభవంతో, మా బాబు రెండేళ్లు ఆ ఆయమ్మ చేతుల మీదుగా పెరిగిన కృతజ్ఞతతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పని నుంచి విరమించే వయసు ఒకటి ఉండాల్సిందే. కానీ ఆ వయసును పని చూసి పెట్టాలి, పుట్టిన తేదీని సరిచూడాలి, చాలా ముందుగా చెప్పాలి, రావాల్సిన డబ్బు ఆలస్యం లేకుండా చేతిలో పెట్టాలి. ఈ నాలుగూ లేకుండా తేదీ ఒక్కటే చూసి పంపించడం న్యాయం కాదు.

ఏ వయసు సరైన వయసు?

మన రాష్ట్రంలోనే ఎన్ని వయసులు ఉన్నాయో చూడండి. వృద్ధాప్య పింఛనుకు 57 ఏళ్లు చాలు. అంటే ప్రభుత్వం లెక్కలో 57కే ముసలితనం మొదలు. పీఎఫ్ పెన్షన్ పథకంలో 58. ప్రభుత్వ ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు 2021లో 58 నుంచి 61కి పెంచారు. స్కూలు బస్సు నడిపే డ్రైవరు 60 దాటకూడదని రవాణా శాఖ నిబంధన. ఏటా జూన్‌లో బస్సుల తనిఖీలప్పుడు ఈ మాట వింటూనే ఉంటాం. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలకు 65.

ఈ చివరి అంకె మనం ఆలోచించాల్సినది. మూడేళ్ల పిల్లలను ఎత్తుకోవడం, తినిపించడం, మూతి కడగడం, నిద్రపుచ్చడం అంగన్‌వాడీ ఆయా పని. మన ఆయమ్మ పనీ అదే. నల్లగొండ మండలంలోని ఒక పల్లెలో 65 దాకా చేయవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్న పనిని, పది కిలోమీటర్ల దూరంలోని మన క్యాంపస్‌లో 60కే చేయకూడదు అంటున్నాం. పిల్లలు వేరా? మోకాళ్లు వేరా? దీన్నిబట్టి ఒక్క సంగతి తేలుతుంది. ఈ అంకెలు ప్రకృతి పెట్టినవి కావు, మనుషులు కూర్చుని పెట్టుకున్నవి. మనుషులు పెట్టినదాన్ని మనుషులే మళ్లీ ఆలోచించవచ్చు.

బయటి దేశాల్లోనూ ఈ చర్చ ఉంది. అమెరికాలో వయసు పేరుతో వివక్ష చూపకూడదని 1967లోనే చట్టం వచ్చింది. 1986 సవరణ తర్వాత చాలా ఉద్యోగాల్లో ఫలానా వయసుకు దిగిపోవాల్సిందే అనే పద్ధతి పోయింది. బ్రిటన్ 2011లో 65 ఏళ్ల రిటైర్‌మెంట్ నిబంధనను తీసేసింది. జపాన్‌లో 2021 నుంచి, ఇష్టమున్నవారికి 70 ఏళ్ల దాకా ఏదో ఒక పని చూపే ప్రయత్నం చేయాలని యజమానులకు చట్టం చెబుతోంది. వాళ్ల పరిస్థితి వేరు, మన పరిస్థితి వేరు. మన దగ్గర పని కోసం ఎదురుచూసే యువత ఎక్కువ. అందుకే వయసు పరిమితి వద్దని నేను అనడం లేదు. దాన్ని ఎట్లా అమలు చేస్తున్నామన్నదే నా ప్రశ్న.

1983 నేర్పిన పాఠం

రిటైర్‌మెంట్ వయసుతో తొందరపడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే దేశం చెప్పనవసరం లేదు. మన పెద్దల్లో చాలామందికి 1983 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1979లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 55 నుంచి 58కి పెంచింది. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 8న, ఆ వయసును మళ్లీ 55కి తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది. చదువుకుని ఖాళీగా ఉన్న యువతకు ఉద్యోగాలు ఇవ్వాలన్నది ఉద్దేశం. అప్పటికే 55 దాటినవాళ్లంతా ఫిబ్రవరి 28న ఇంటికి పోవాలి. అంటే మూడు వారాల వ్యవధి. 18 వేలకు పైగా ప్రభుత్వ ఉద్యోగులు, మరో 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు అట్లా దిగిపోయారని సుప్రీంకోర్టు తీర్పులో నమోదైంది.

ఫిబ్రవరి చివరి వారం అంటే బడుల్లో పరీక్షలు ముందున్న కాలం. బిడ్డ పెళ్లి, ఇంటి అప్పు, కొడుకు చదువు అన్నీ ఇంకో మూడేళ్ల జీతం లెక్కలో పెట్టుకున్న కుటుంబాలు ఒక్కసారిగా తలకిందులయ్యాయి. ఏడాదిన్నర గడిచేసరికి, 1984 ఆగస్టులో, వయసును తిరిగి 58కి పెంచారు. కోర్టులో నడిచిన కేసుల్లో 1985 జనవరిలో మొదటి తీర్పు వచ్చింది. వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉంది, అది రాజ్యాంగ విరుద్ధం కాదు అని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఇంకో తీర్పు. మధ్యలో బలవంతంగా దిగిపోయినవాళ్లలో 58 ఇంకా నిండని వారిని తిరిగి తీసుకోవాలని, నిండినవారికి పరిహారం ఇవ్వాలని చెప్పింది.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే మన విషయానికి పనికొచ్చే మాట దొరుకుతుంది. వయసు నిర్ణయించే హక్కు యాజమాన్యానికి ఉంది, దాన్ని కాదనలేం. కానీ ఆ హక్కును ఆదరాబాదరాగా వాడితే నలిగేది మనుషులు, చివరికి దిద్దుకోవాల్సి వచ్చేది సంస్థే.

ఆనాటి 1984 చట్టంలో ఇంకో ముచ్చట కూడా ఉంది. గుమాస్తాలకు, అధికారులకు 58 ఏళ్లు పెట్టి, లాస్ట్ గ్రేడ్ ఉద్యోగులకు, అంటే అటెండర్ల వంటి వారికి 60 ఏళ్లు పెట్టారు. కింది మెట్టు మీద ఉన్నవాళ్లకు రెండేళ్లు ఎక్కువ. మన సంస్థల్లో ఇప్పుడు తరచూ దీనికి తిరకాసు. పేరున్న లెక్కల సారు 65 దాటినా కన్సల్టెంట్ పేరుతో కొనసాగుతారు. ఆయమ్మకు మాత్రం 60 రాగానే రూల్ గుర్తొస్తుంది.

జనవరి 1న పుట్టినవాళ్లు

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆధార్ కార్డులు చూడండి. ఎంతమంది జనవరి 1న పుట్టారో లెక్క పెట్టలేం. ఆ రోజు అంత మంది ఎందుకు పుడతారు? బడికి పోని, పుట్టిన తేదీ తెలియని మనిషిని ఎన్‌రోల్‌మెంట్ సెంటర్‌లో "నీకు ఎన్నేండ్లు?" అని అడిగారు. మనిషిని చూసి ఓ అంకె వేశారు. సంవత్సరం వచ్చింది, తేదీ, నెల అవే పడ్డాయి. అంతే.

మన ఆయమ్మ ఆధార్‌లో కూడా 1966 జనవరి 1 అనే ఉంది. ఆమెను అడిగితే ఏమన్నదో ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "తేదీ నాకు ఎరుక లేదు సారూ. సాగర్ కాలువలకు నీళ్లు ఇడిసిన యేడు పుట్టిన అని మా అవ్వ చెప్తుండె." నాగార్జునసాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అవ్వ మాటే నిజమైతే, ఆయమ్మకు ఇంకో ఏడాదికి పైనే సర్వీసు ఉన్నట్టు. ఎవరో ఆపరేటర్ అంచనాగా కొట్టిన ఒక అంకె మీద ఒక కుటుంబం ఏడాది జీతం ఆధారపడి ఉంది.

దీనికి పరిష్కారం కూడా ఉంది. ఆధార్ అనేది గుర్తింపు కోసమే తప్ప పుట్టిన తేదీకి రుజువు కాదని ఆ సంస్థే చెబుతోంది. 2024 జనవరిలో పీఎఫ్ సంస్థ కూడా పుట్టిన తేదీకి రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తీసేసింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో, వయసు తేల్చడానికి ఆధార్ కన్నా బడి సర్టిఫికెట్‌నే నమ్మాలని చెప్పింది. ఏ కాగితమూ లేనివాళ్లకు ప్రభుత్వ వైద్యుడు, అంటే సివిల్ సర్జన్, పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్‌ను అఫిడవిట్‌తో కలిపి పీఎఫ్ సంస్థ తీసుకుంటుంది. కాబట్టి స్కూలు ఒక్క పని చేయవచ్చు. రిటైర్‌మెంట్ కాగితం ఇచ్చే ముందు, జనవరి 1 పుట్టినరోజు ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ దారి ఉందని చెప్పి, ఆ పరీక్షకు పంపించాలి. అప్పుడు వచ్చిన వయసు 60 అయితే సరే, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పని చూసి వయసు

ఇక్కడ "పెద్ద వయసులో పిల్లల బాధ్యత ఎందుకు" అన్న వారి మాటకు కూడా విలువ ఇవ్వాలి. డ్రైవరు విషయంలో నేను వాళ్ల వైపే. నలభై మంది పిల్లలున్న బస్సు చేతిలో ఉన్నప్పుడు చూపు, స్పందన అరక్షణం తేడా వచ్చినా ప్రమాదమే. అక్కడ 60 అన్నది గట్టిగా పాటించాల్సిందే. మనకు ఎంత ఇష్టమైన డ్రైవర్ అన్న అయినా సరే.

ఆయమ్మ పని అట్లా కాదు. దాన్ని విడగొట్టి చూడవచ్చు. పిల్లలను ఎత్తుకుని మెట్లు ఎక్కడం, నీళ్ల బకెట్లు మోయడం, బస్సులో నిలబడి రావడం బరువు పనులు. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం, ఎవరి డబ్బాలో అన్నం మిగిలిందో గమనించడం, ఎవరికి జ్వరం వస్తోందో ముట్టుకుని చెప్పడం, సాయంత్రం గేటు దగ్గర ఏ పిల్ల ఎవరి చేతికి పోవాలో తెలుసుకోవడం అనుభవంతో వచ్చేవి. చివరిది పిల్లల భద్రతకు సంబంధించినది. తాత వచ్చాడా, మేనమామ వచ్చాడా, అసలు ముఖం తెలియని మనిషి వచ్చాడా అన్నది ఏళ్ల తరబడి గేటు దగ్గర నిలబడ్డ కన్ను పట్టుకున్నట్టు ఐడీ కార్డు పట్టుకోలేదు.

తేదీ రెండు వైపులా తప్పుతుందని కూడా చెప్పాలి. మన ప్రాంతంలో కొందరికి 60 అన్నది చాలా ఆలస్యం. మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు 45కే నడుము వంగదు, మోకాలు మడవదు. పాలమూరు నుంచి చిన్నప్పుడే మేస్త్రీల వెంట పోయి డ్యాముల దగ్గర, కాలువల దగ్గర మట్టి తట్టలు మోసిన ఆడవాళ్లకు 50 దాటేసరికి ఒళ్లు హూనం. అటువంటి వారితో 60 దాకా బకెట్లు మోయించడమూ తప్పే. ఏడాదికి ఒకసారి పిల్లలకు చేయించే హెల్త్ క్యాంపులోనే ఆయమ్మలకు, వాచ్‌మన్‌లకు, వంట చేసేవారికి కూడా చూపు, బీపీ, షుగర్, మోకాళ్లు చూపిస్తే, ఎవరికి ఏ పని ఇవ్వాలో తెలుస్తుంది. 55 నుంచే బరువు పని తగ్గించి, గేటు పని, క్లాసు పని పెంచవచ్చు.

కొత్తవాళ్లకు ఉద్యోగాలు రావద్దా అని ఒక తండ్రి గ్రూపులో అడిగారు. మంచి ప్రశ్న. దేవరకొండ తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయికి ఈ ఉద్యోగం అవసరమే. కానీ ఇద్దరినీ ఎదురెదురు నిలబెట్టనక్కర్లేదు. ఒక టర్మ్ పాటు పాత ఆయమ్మ సగం పూట ఉండి కొత్త అమ్మాయికి పని నేర్పిస్తే పిల్లలకు బెంగ ఉండదు, అమ్మాయికి చేయి తిరుగుతుంది, ఆయమ్మకు జీతం ఒక్కసారిగా ఆగదు. మేనేజ్‌మెంట్‌కు అయ్యే అదనపు ఖర్చు ఒక టర్మ్‌కు సగం జీతం.

చేతికి వచ్చేది ఎంత?

ఇప్పుడు డబ్బు మాట. ఇదే అసలు మాట. ఊరికే లెక్క కోసం, గ్రాట్యుటీకి, పెన్షన్‌కు తీసుకునే వేతనం నెలకు 10,000 అనుకుందాం. ఆయమ్మ 44వ ఏట చేరి 60 దాకా 16 ఏళ్లు చేశారనుకుందాం. గ్రాట్యుటీ సూత్రం 1972 చట్టం నాటి నుంచి ఉన్నదే: ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కించి. ఆ లెక్కన సుమారు 92,300 రూపాయలు వస్తాయి. పీఎఫ్ పెన్షన్‌కు 58 దాకా చేసిన సర్వీసే లెక్క, అంటే 14 ఏళ్లు. వేతనాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తే నెలకు 2,000. పదివేలు వచ్చే ఇంట్లో ఇక రెండు వేలు. పీఎఫ్ ఖాతాలో కూడిన సొమ్ము దీనికి అదనం.

ఇది కూడా కాగితాలు సరిగ్గా ఉంటేనే. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల వరుస సర్వీసు కావాలి, పెన్షన్‌కు పదేళ్లు. చాలాచోట్ల ఆయమ్మలు, స్వీపర్లు ఏజెన్సీ ద్వారా వస్తారు. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్తగా చేరినట్టు రాస్తే, పదహారేళ్లు అదే గేటు దగ్గర నిలబడ్డ మనిషి కాగితం మీద రెండేళ్ల ఉద్యోగి అవుతుంది. పీఎఫ్ నంబరు మారుతూ పోతే పాత ఖాతాలు కలవవు. నా టేబుల్ మీదకు వచ్చే కాగితాల్లో సగం ఇటువంటివే. మనిషి రిటైర్ అయ్యాక ఇవి సరిచేయడం గగనం. పనిలో ఉండగానే చేయాలి.

అంగన్‌వాడీల దగ్గర ఇదే పోరాటం నడిచింది. ఏళ్ల తరబడి వాళ్లకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అన్నారు. 2022 ఏప్రిల్‌లో, గుజరాత్ నుంచి వచ్చిన కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2023 సెప్టెంబరులో అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు గ్రాట్యుటీ కూడా వాళ్ల డిమాండ్లలో ఉంది. 2024 జూలైలో మంత్రి సీతక్క రిటైర్ అయ్యే టీచరుకు 2 లక్షలు, ఆయాకు లక్ష రూపాయలు ఇస్తామని ప్రకటించారు. ప్రభుత్వ బడ్జెట్‌లోనే ఆయాకు లక్ష అన్నప్పుడు, మనలాంటి సంస్థలో అంతకన్నా తక్కువ కావడం బాగుండదు.

మనం అడగాల్సినవి

వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మేనేజ్‌మెంట్ ముందు ఈ ఐదు మాటలు పెడదామని నా సూచన.

ఒకటి, విరమణ సంగతి కనీసం ఆరు నెలల ముందు రాతపూర్వకంగా, తెలుగులో చెప్పాలి. ఆమె చదవలేకపోతే చదివి వినిపించాలి.

రెండు, పుట్టిన తేదీకి గట్టి కాగితం లేనివారికి వైద్య పరీక్ష చేయించి వయసు తేల్చాలి.

మూడు, డ్రైవర్లకు 60 కచ్చితంగా పాటిస్తూనే, ఆయమ్మల వంటి వారికి ఏటా ఆరోగ్య పరీక్ష మీద ఆధారపడి 65 దాకా తేలిక పని ఇచ్చే వీలు పెట్టాలి.

నాలుగు, మధ్యలో ఏజెన్సీలు మారినా మొదటి రోజు నుంచి సర్వీసు లెక్కించి, గ్రాట్యుటీని చట్టం చెప్పిన 30 రోజుల గడువు దాకా ఆపకుండా చివరి రోజే చేతికి ఇవ్వాలి. పీఎఫ్ పెన్షన్ దరఖాస్తు స్కూలు ఆఫీసే నింపి పెట్టాలి.

ఐదు, కొత్తవాళ్లు వచ్చాక ఒక టర్మ్ ఇద్దరూ కలిసి పనిచేసే ఏర్పాటు ఉండాలి.

మన వంతు గురించి కూడా ఒక మాట. యాన్యువల్ డే నాడు వేదిక మీదకు పిలిచి శాలువా కప్పి, చీర పెట్టి, ఫోటో దిగి పంపిస్తే మన మనసు తేలికపడుతుంది. ఆమె ఇంటి ఖర్చు తేలికపడదు. చందాలు వేసి ఇద్దామని కొందరు తల్లులు ముందుకొచ్చారు, ఆ మంచి మనసుకు దండం. కానీ హక్కుగా రావాల్సినది వచ్చాకే మన కానుక అందం. హక్కు బదులు కానుక ఇస్తే అది దానం అవుతుంది. ఇన్నేళ్లు పనిచేసిన మనిషికి దానం అవసరం లేదు.

పిల్లలకు ఇంట్లో ఏం చెప్పాలి అని చాలామంది అడుగుతున్నారు. "ఆయమ్మ ముసలిదైంది, అందుకే పంపించారు" అని మాత్రం చెప్పొద్దని నా మనవి. ఆ మాట విన్న పిల్ల రేపు ఇంట్లో నానమ్మను కూడా అదే కంటితో చూస్తుంది. ఆయమ్మ చాలా ఏళ్లు పనిచేసింది, ఇక విశ్రాంతి తీసుకుంటుంది, ఆమెకు ఇవ్వాల్సినవన్నీ స్కూలు ఇచ్చింది అని చెబుదాం. ఈ మూడు ముక్కల్లో చివరిది ఇంకా నిజం కాలేదు. పిల్లలతో అబద్ధం చెప్పకుండా ఉండాలంటే, దాన్ని నిజం చేసే పని ఈ నెలలోనే మొదలుపెట్టాలి. మీటింగ్‌కు తప్పకుండా రండి. రాలేనివాళ్లు మీ అభిప్రాయాన్ని పిల్లల డైరీలో రెండు వాక్యాలైనా రాసి పంపండి.